వణకడం మానేసిన పలక

పలకల వణుకు గురించి నాకు తెలిసినదంతా, కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం రాసిపెట్టమని నా దగ్గర పనిచేసిన ఒకాయన చాలాకాలంగా పోరుతున్నాడు. సరే, రాస్తున్నాను. చదివాక ఎవరికైనా ఉత్సాహం పుడితే మాత్రం ఆ పాపం నాది కాదు. లెక్కలు మీకు పుస్తకాల్లో దొరుకుతాయి. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అనేది నా భార్య వినీ వినీ విసిగిపోయిన కథ, దాన్ని మీకు అంటగట్టను. ఒక పడవ గురించి, దాని అడుగుపలక గురించి, ఆ పలక మీద కూర్చుని వేటకు పోయిన మనిషి గురించి చెబుతాను. నా ఉద్యోగం మొత్తం ఆ ఒక్క పలకలోనే ఉంది. తర్వాత చేసిన నౌకరీ అంతా దాన్ని తిరగేసి మరగేసి చూసుకోవడమే.

చెవి

మాది నాయుడుపేట పక్కన వరి పండించే ఇల్లు. చదువు కోసం నన్ను బిట్రగుంటలో మా మేనమామ దగ్గర ఉంచారు. ఆయన రైల్వేలో బండి చక్రాలు పరీక్షించేవాడు. రైలు ఆగగానే పొడుగాటి పిడి ఉన్న సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ తట్టుకుంటూ పోయేవాడు. మంచి చక్రం ఖంగున మోగుతుంది. పగులున్నది మోగదు, దగ్గుతుంది. రైల్వే కాలనీలో పుట్టిన పిల్లలకు ఇది పాలతో పాటు వస్తుంది. నాకు మామ చెప్పాల్సి వచ్చింది.

"ఒరే రమణయ్యా, మోగేదాన్ని చూసి బయపడబాక. మోగకుండా ఊరకుండేదాన్ని చూసి బయపడు" అనేవాడు.

అప్పటినుంచి నాకొక జబ్బు పట్టుకుంది. కుండ కనపడితే తడతాను, గోడ కనపడితే తడతాను. పెళ్ళిచూపులకు పోయి, పిల్లను చూడకముందే వాళ్ళ వీధి తలుపును వేలిముడితో తట్టి చెవి ఆనించానట. పెళ్ళికొడుకు పిల్లను చూడ్డానికి వచ్చాడా తలుపును చూడ్డానికి వచ్చాడా అని మా అత్తవారి వైపు వాళ్ళు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. టేకు తలుపు, బాగానే మోగింది.

పొరలు

యాభైల చివర్లో, డిప్లొమా చేతపట్టుకుని ప్రభుత్వం వారి పడవల యార్డులో చేరాను. అప్పట్లో మా తీరంలో వేటకు పోయేవాళ్ళకు తెప్పలే ఆధారం. తెప్ప అంటే నాలుగైదు దుంగలను తాళ్ళతో బిగించిన కట్ట. మునగదు, పగలదు. కాని మనిషి పొద్దస్తమానం ఉప్పునీళ్ళలో నానుతూ కూర్చోవాలి. వల కాస్త బరువైతే పెట్టుకోను చోటుండదు. మా ఒడ్డున రేవులు లేవు, ఏది కట్టినా అలల్ని చీల్చుకుని వచ్చి నేరుగా ఇసుక మీదికి ఎక్కాలి. అందుకు తగ్గ తేలికైన పడవ చెయ్యమని మా యార్డుకు అప్పగించారు.

మేము చేసింది పొరల పడవ. పలచటి చెక్క రేకుల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా పేర్చి జిగురుతో అతికిస్తే ప్లైవుడ్ అవుతుంది. దానికి బయటివైపు గాజు నార గుడ్డ పరిచి రెజిన్ అనే బంక పూస్తాం. ఆరిందంటే గట్టి పలక. నలుగురు మనుషులు ఆ పడవను భుజాన వేసుకుని నడిచేంత తేలిక. పొరలన్నీ కలిసి వంగినంత కాలం అది ఒకటే చెక్క. ఏ రెండు పొరల మధ్యనైనా జిగురు వదిలిందా, ఇక అవి ఒకదాని మీద ఒకటి జారే తాటాకులు. బలం చెక్కలో లేదు, కంటికి కనపడని జిగురులో ఉంది. ఈ మాట మీరు రాసిపెట్టుకోండి. పొరల వస్తువు ఏదైనా సరే, దాని ప్రాణం మీరు చూడలేని చోట ఉంటుంది.

బిట్రగుంటకు తూర్పున, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెంలో మొదటి పడవ తీసుకున్న మనిషి పోలయ్య. నాకంటే పదేళ్ళు పెద్ద. నవ్వితే పాలెం ఆ చివరికి వినిపించేది. పడవ రాగానే తెప్పను విప్పేసి, ఆ దుంగల్ని ఇంటికి స్తంభాలుగా పాతేశాడు. అంత నమ్మకం. అతని భార్య కావమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్మే మనిషి. ఇంట్లో మాట ఆమెదే.

పడవకు ఆమె పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఇసుక మీద బోర్లించి ఉన్నప్పుడు నేను అలవాటు కొద్దీ అడుగుపలక అంతా వేలిముడితో తట్టి చూశాను. గలగలమని ఒకటే మోత. కావమ్మకు నచ్చలేదు.

"బోర్లించినదాన్ని తట్టబాకండి సార్. మంచిది గాదు."

"ఎందుకక్కా?"

"లోపల ఎవురన్నా ఉండారా అని అడిగినట్టుంటాది."

పోలయ్య పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

సముద్రానికి తాళం లేదు

మా పై అధికారి శేషాచలం గారు. ఆయన గురించి చెడ్డగా రాస్తానని ఎదురుచూసేవాళ్ళు ఎదురుచూడనక్కర్లేదు. తెలివైనవాడు, చేతివాటం లేనివాడు, కింది ఉద్యోగి ఆకలితో ఉంటే తన క్యారియర్ విప్పి సగం పెట్టేవాడు. ఆయనకున్న లోపం ఒకటే. కొలిచినది తప్ప ఇంకేమీ నమ్మడు. ఈ వృత్తిలో అది లోపమని ఎవరూ అనరు, అందుకే అది పోదు.

పలకల్ని పరీక్షించడానికి ఆయన యార్డులో ఒక వణుకుడు బల్ల కట్టించాడు. మోటారుకు ఒక పక్కన బరువు తగిలిస్తే, అది తిరిగినప్పుడల్లా బల్ల కుదుపుతుంది. పలకను దానికి బిగించి రోజుల తరబడి ఒకే తాళంలో వణికించేవాళ్ళం. పలక చెక్కుచెదరలేదు. ఆయన సంతోషించాడు. ఆయన సంతోషానికి కారణం లేకపోలేదు. అంతకుముందు ఇంజను బిగించిన పడవ ఒకటి వణికి వణికి మేకులు ఊడదీసుకుంటుంటే, ఈ బల్ల మీదనే జబ్బు కనిపెట్టాం. ప్రతి పలకకూ తనకిష్టమైన తాళం ఒకటి ఉంటుంది. ఇంజను అదే తాళంలో తిరిగితే పలక రెచ్చిపోతుంది. అడుగున పక్కటెముకల్లాంటి కర్రల్ని కాస్త దగ్గరగా జరిపాం, పలక తాళం మారింది, వణుకు పోయింది. నా జీవితంలో సునాయాసంగా గెలిచిన కేసు అదొక్కటే.

కాని సముద్రం ఇంజను కాదు. దానికి తాళం లేదు. చిన్న అల, వెంటనే ఇంకో చిన్న అల, తర్వాత చెంపదెబ్బ లాంటిది ఒకటి, ఆపైన కాసేపు ఏమీ లేదు. అన్ని తాళాలూ కలగలిపి కొడుతుంది. అందులో పలకకు ఇష్టమైన తాళం కూడా ఎక్కడో ఉంటుంది, పలక దాన్ని వెతుక్కుని పట్టుకుని వణుకుతుంది. కర్రలు దగ్గరగా జరిపినా దూరంగా జరిపినా లాభం లేదు, కొత్త తాళం కూడా ఆ కలగాపులగంలో ఉండనే ఉంటుంది. తప్పించుకునే దారి లేదు. 

ఇది నాకు అర్థమైంది పుస్తకంలో కాదు, పోలయ్య పడవలో. కాగితపు చుట్ట మీద సూదితో గీతలు గీసే పెట్టె ఒకటి యార్డుకు వచ్చింది. దాన్ని పలకకు బిగించుకుని నెలకొకసారి అతనితో వేటకు పోయేవాణ్ణి. అలలు విరిగే గట్టు దాటగానే నాకు వాంతులు.

"సారు మేతేస్తా ఉండాడు, వలలు దించండిరా" అనేవాడు పోలయ్య తన మనుషులతో.

ఇంటికొచ్చి ఆ చుట్టను మేనమామ క్వార్టర్సు వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి పరిచి, నేల మీద పాకుతూ ఒక్కో గీత ఎత్తూ కొలిచేవాణ్ణి. ఏ రెండు గీతలూ ఒకలా లేవు. శేషాచలం గారు మాత్రం సగటు అడిగాడు. చెప్పాను. "బల్ల మీద దీనికంటే ఎక్కువే వణికించాం గదయ్యా. ఇక దిగులెందుకు?" అన్నాడు.

సగటున చూస్తే మా జిల్లాలో వానకు లోటేమీ లేదండీ అన్నాను. ఏడాదంతా ఎండగట్టి, రెండు వాయుగుండాల్లో మొత్తం కుమ్మరించినా సగటు అదే వస్తుంది. పైరు మాత్రం ఉండదు. ఆయన నవ్వి, రైతుబిడ్డవు గనక అలా మాట్లాడతావన్నాడు.

పీచు పట్టలు

పాలెంలో వాళ్ళకు నా గీతలతో పని లేదు. వాళ్ళ ఫిర్యాదు వేరు. పడవ పలుకుతోందన్నారు. చిన్న అల తగిలినా అడుగుపలక డప్పులా మోగుతోందట, ఆ మోతకు కవళ్ళ చేపల గుంపు చెదిరిపోతోందట. తెప్ప దుంగ మోగదు. పడవలో దూరం పోగలుగుతున్నాం గాని, పోయినచోట చేపలు నిలవడం లేదని పోలయ్య గోల. అది నిజమే. నేను పడవలో ఉండి చూశాను. వల చుట్టేలోపల నీళ్ళ మీద మెరుపు మాయమయ్యేది.

అందుకు వాళ్ళే ఒక ఉపాయం చేశారు. కొబ్బరి పీచుతో మందంగా పట్టలు అల్లి, పడవ లోపల అడుగుపలక మీద పరిచి, కదలకుండా చుట్టూతా మేకులు కొట్టారు. మోత ఆగింది. వల నిండింది. ఆ నెలలో పాలెంలో పడవ ఉన్న ప్రతివాడూ పట్టలు కొట్టించాడు. పోలయ్య నన్ను కూర్చోబెట్టి కావమ్మ చేత కవళ్ళ పులుసు పెట్టించి మరీ చెప్పాడు.

"పలకడం మానేసినాది సారూ మా పడవ. ఇప్పుడు బుద్ధిమంతురాలు."

పెట్టెలో కూడా గీతలు సగానికి సగం పొట్టివయ్యాయి. శేషాచలం గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. జాలర్ల తెలివితో వణుకు సమస్య తీరిందని పైవాళ్ళకు రాశాడు. వాళ్ళు వచ్చి పడవ పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

నేను మాత్రం మేకుల్నే చూస్తున్నాను. ఆ మేకులు పలక పై పొరలోంచి కిందికి దిగాయి. పీచు ఎప్పుడూ తడే. ఉప్పునీళ్ళు మేకు రంధ్రాల్లోంచి పొరల మధ్యకు పోతాయి. తెప్ప మీద మేకు కొట్టినా, గొడ్డలితో నరికినా దుంగకు ఏమీ కాదు. తరతరాలుగా దుంగతో బతికినవాళ్ళు పలకను కూడా దుంగలానే చూశారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వాళ్ళకు కావలసింది చేపలు, పట్టలు కొడితే చేపలు పడ్డాయి.

ఇక్కడ మీకు అసలు విషయం చెప్పాలి, ఈ వ్యాసంలో పనికొచ్చేది బహుశా ఇదొక్కటే. పలక వణుకు రెండు కారణాలుగా తగ్గుతుంది. పైన బరువైన మెత్తటి పట్ట పరిస్తే తగ్గుతుంది. లోపల పొరలు ఊడి ఒకదానితో ఒకటి రాసుకుంటున్నా తగ్గుతుంది. ఆ రాపిడి వణుకును మింగుతుంది, దాంతో పాటు మిగిలిన జిగురునూ మింగుతుంది. చచ్చిపోతున్న పలక బతికున్న పలక కంటే నెమ్మదిగా ఉంటుంది. సూదికి ఈ రెండింటి తేడా తెలియదు. మీ దగ్గరున్న ఖరీదైన పరికరాలకు తెలుసునని వాటిని అమ్మేవాళ్ళు చెబుతారు.

గీతలు పొట్టివి కావడం శేషాచలం గారు చూశాడు. నేను ఇంకొకటి చూశాను. గీతకూ గీతకూ మధ్య ఎడం పెరుగుతోంది. పలక మెత్తబడితే దాని తాళం నిదానిస్తుంది. పట్ట బరువుకు నిదానించిందయ్యా అన్నాడు ఆయన. పట్ట బరువు ఒక్కసారే పెరిగింది, ఎడం నెలనెలా పెరుగుతోందన్నాను. పీచు నీళ్ళు తాగుతోంది, నెలనెలా బరువెక్కుతోందన్నాడు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. పలక కోసి చూస్తేగాని తేలదు. ఒక పడవ అడుగు కోయించండి అని బతిమాలాను.

"బాగున్న పడవను కోసి, బాగాలేదని నిరూపిస్తావా? కోశాక బాగుందని తేలితే వాడికి పడవ నువ్విస్తావా?"

మీరు అక్కడుంటే మీరైనా అదే అడిగేవాళ్ళు.

ఎప్పుడు?

వానాకాలం ముందు ఒక మధ్యాహ్నం పాలెం పోయాను. పోలయ్య పడవను ఇసుక మీద పక్కకు ఒరగదీసి ఉంచాడు. పీచు పట్ట ఒక మూల మేకులు పీకి ఎత్తి చూడనివ్వమని అడిగాను. చేపలు ముమ్మరంగా పడే రోజులు, ఎవరూ ఒప్పుకోరు. అతను నా మీది అభిమానంతో ఒప్పుకున్నాడు.

పడవ ముక్కు వైపునుంచి తట్టుకుంటూ వచ్చాను. మోగింది, మోగింది, మోగింది. పోలయ్య కూర్చునే చోటికి ముందుగా, చాటంత మేర, మోగలేదు. దగ్గింది. అవతలివైపు పోయి అడుగునుంచి తట్టాను. అక్కడా అంతే. జేబులో సుద్దముక్క తీసి దాని చుట్టూ గీత గీశాను. కావమ్మ గంప దించి వచ్చి నిలబడింది.

"అది ఏంది సారూ ముగ్గు?" అన్నాడు పోలయ్య.

"ఇక్కడ పొరలు ఊడినై పోలయ్యన్నా. పడవ పోతుంది."

"ఎప్పుడు?"

 ఒకే తాళంలో కొట్టే యంత్రమైతే లెక్కగట్టి, ఇన్ని దెబ్బలకు పోతుందని చెప్పగలను. సముద్రం రేపు ఏ అల పంపుతుందో ఎవరికి తెలుసు? నా శాస్త్రం మొత్తం కలిపి చెప్పగలిగేది, పోవడానికి అవకాశం ఎక్కువ ఉంది అని మాత్రమే.

"చెప్పలేను. రేపు పోవచ్చు. ఇంకో ఏడాది నిలబడొచ్చు."

"అంటే నీకూ తెలవదు."

"ఎప్పుడో తెలీదు. పోతుందని తెలుసు."

 పోలయ్య నా భుజం మీద చెయ్యేశాడు.

"నేను గూడా పోతాను సారూ ఒకనాటికి. ఎప్పుడో తెలవదు. అట్టని ఇంట్లో ముసుగు దన్ని పొణుకుంటే కుదరతాదా?"

"వచ్చే ఏడాది కొత్త పలక వేయిస్తాను. అందాకా పోబాకన్నా. తెప్ప మీద పో."

"తెప్ప యాడుండాది? ఆ స్తంభాలు పీకితే ఇల్లు గూలద్ది."

కావమ్మ నవ్వలేదు. సుద్దగీత వైపు చూస్తూ ఉంది. మగవాళ్ళిద్దరం మాట్లాడటం అయిపోయాక నాతో అంది.

"ఒక్క దినం చెప్పండి సార్. ఫలానా దినం వొద్దని గట్టిగా చెప్పండి. ఆ దినం ఈ మనిషిని నేను పోనీను. కాళ్ళకు అడ్డం పడతా. రోజూ వొద్దంటే నా మాట ఎట్టా వింటాడు?"

చెప్పలేదు. ఒక్క రోజు పేరు నాకు తెలిస్తే ప్రాణం పెట్టి చెప్పేవాణ్ణి. నోటికొచ్చిన రోజు చెప్పి, ఆ రోజు ఏమీ కాకపోతే ఆ తర్వాత నా మాట ఎవరూ వినరు అనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. అందుకే మీకు దీనిలోంచి నేర్చుకోమని ఇవ్వడానికి నీతి ఏమీ లేదు. నిజం చెప్పాను. అది వాళ్ళకు దేనికీ పనికిరాలేదు.

శేషాచలం గారికి చెప్పాను. పడవను ఆపే అధికారం ఆయనదే. ఆయన మరుసటి వారం వస్తానన్నాడు. వచ్చాడు కూడా, నిజాయితీగానే వచ్చాడు. తడిసిన పట్ట పక్కన ఉన్న పలక ఎక్కడైనా దగ్గుతుందన్నాడు. పట్ట మొత్తం పీకించి, పడవను ఎండలో ఆరబెట్టి అప్పుడు తట్టాలన్నాడు. అది సరైన పద్ధతే. అందుకు పది రోజులు వేట మానుకోవాలి. చేపల రోజులు అయ్యాక చేద్దామని పోలయ్య, అలాగేనని ఆయన మాటనుకున్నారు. సుద్దగీత అప్పటికే అలల్లో కొట్టుకుపోయింది.

మామూలు రోజు

వాయుగుండం ఏదీ లేదు. గాలి లేదు. అలాంటి రోజున సముద్రం గురించి ఎవరూ మాట్లాడుకోరు. నలుగురు సముద్రం మీదికి పోయారు. వేట ముగించుకుని తిరిగి వస్తూ, ఒడ్డున ఆడవాళ్ళు గంపలు సర్దుకుంటూ కనపడుతున్నంత దగ్గరలో, అడుగుపలక నోరు తెరిచింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదట. ముగ్గురు తెడ్లు పట్టుకుని ఈదుకుంటూ వచ్చారు. పోలయ్య పడవ ముక్కు దగ్గర, వల మధ్యలో ఉన్నాడు. పడవ బోర్లా పడింది.

ఒడ్డునున్న వాళ్ళు తెప్పల మీద పోయేసరికి పడవ బోర్లించినట్టే తేలుతోంది. కావమ్మ కూడా తెప్ప ఎక్కింది, ఆపినా ఆగలేదు. అడుగుపలక మీద గుప్పిళ్ళతో కొట్టి కొట్టి పిలిచిందని ఆ తెప్ప నడిపినతను నాకు చెప్పాడు. లోపలినుంచి ఏమీ పలకలేదు.

మర్నాడు పలక ముక్క ఇసుక మీదికి కొట్టుకొచ్చింది. శేషాచలం గారు మోకాళ్ళ మీద కూర్చుని గోరు పెట్టి లాగాడు. గూడూరు గనుల్లో అభ్రకం విడివడ్డట్టు పొరలు పొరలుగా వచ్చేసింది. ఆయన చాలాసేపు ఆ ముక్కను పట్టుకుని అక్కడే ఉన్నాడు.  విచారణ జరిగింది. అసాధారణమైన అల వల్ల జరిగిందని తేల్చారు. ఆ రోజు ఆ సముద్రంలో అసాధారణమైనది ఏదీ లేదని ఒడ్డునున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. వాళ్ళనెవరూ అడగలేదు.

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడ ఒక మాట. ఏదైనా విరిగినప్పుడు పెద్ద దెబ్బ కోసం వెతుకుతారు. అది మనుషుల స్వభావం, పెద్ద దెబ్బ దొరికితే ఎవరి తప్పూ ఉండదు. నేను చూసినవాటిలో చాలావరకు చిన్న దెబ్బలతోనే పోయాయి, లెక్కలేనన్ని చిన్న దెబ్బలతో. ఆఖరిది మిగతావాటికంటే పెద్దదేమీ కాదు. అది ఆఖరిది, అంతే.

శేషాచలం గారు బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. పాలెంలో వాళ్ళకు ఎవరూ ఏ ఆర్డరూ ఇవ్వనక్కర్లేకపోయింది. పడవల్ని ఒడ్డుకు లాగి విడదీసేశారు. పలకలు మేకల పాకలకు కప్పులయ్యాయి, నీళ్ళ తొట్లకు మూతలయ్యాయి. మళ్ళీ దుంగలు కొని తెప్పలు కట్టుకున్నారు. నేను అదే వృత్తిలో ఉండి, పొరల పలకలతోనే తల నెరిపించుకున్నాను. తర్వాత తర్వాత పెద్ద యంత్రాలు వచ్చాయి, అలల లాంటి తాళం లేని కుదుపులు పుట్టించే బల్లలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఎంత వణుకుతుంది, ఎక్కడ ఊడుతుంది, అవకాశం ఎంత అన్నీ చెబుతున్నాం. ఎప్పుడు అని అడిగితే ఈనాటికీ నేలచూపులే. మీలో ఎవరికైనా అది చేతనైతే నేను ఉండగానే వచ్చి చెప్పండి.

తలుపు

అరవైల చివర్లో నాకు వేరే ఊరికి బదిలీ అయింది. పోయేముందు కావమ్మను చూసి పోదామని పాలెం వెళ్ళాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. 

దుంగల స్తంభాల ఇల్లు అలాగే ఉంది. తలుపు మాత్రం కొత్తది. దగ్గరికి పోయాక గుర్తుపట్టాను. విడదీసిన పడవల్లో దేనిదో పక్కపలక, అడ్డ కర్రలు వేసి బందులు బిగించారు. లోపలికి గడియ వేసి ఉంది. నా చెయ్యి నన్ను అడక్కుండానే లేచింది. వేలిముడితో రెండుసార్లు తట్టాను.

ఖంగున మోగింది. ఒక్క పొర ఊడలేదు. ఇంకో ఇరవై ఏళ్ళు వానకూ ఎండకూ నిలబడే పలక.

గడియ తీసిన చప్పుడైంది. కావమ్మ గడపలో నిలబడి నన్ను చూసింది, తర్వాత తలుపు మీద ఇంకా ఆనించే ఉన్న నా చేతిని చూసింది.

"ఏమంటా ఉండాది సార్?"

"గట్టిగా ఉందక్కా."

ఆమె తలుపును అరచేత్తో ఒకసారి తడిమింది. ఏడవలేదు, కోప్పడలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగి చెప్పింది.

"ఈసారి వచ్చినప్పుడు తట్టబాకండి సార్. పిలవండి. నేను లోపలే ఉంటా, పలకతా."